సూప్ గిన్నె అడుగున

"రేడియో ఎక్కడుందో లండన్ నుంచి వస్తున్న ఆ పిల్లకి చెప్పాలి. లేదా చెప్పకుండా ఉండాలి. నువ్వే తేల్చు," అంది బెర్తీల్, ఉల్లిపాయలు తరుగుతూనే.

ఫిర్మిన్ కుర్చీలో కూలబడ్డాడు. జర్మన్లు ఫ్రాన్స్‌లోకి వచ్చి నాలుగో ఏడు. వాళ్ల కళ్లుగప్పడానికి ఈ నాలుగేళ్లలో అతను గడియారాలు బాగుచేశాడు, ఒకసారి పాదిరీ వేషం కూడా వేశాడు. ఇవాళ పశువుల బేరగాడు.

"ఎట్లా తేల్చను అక్కా?"

"నాకేం తెలుసు? జర్మన్ల మనిషైతే మిల్లులో ఆన్సెల్మ్ ముసలాణ్ణి రేడియోతో సహా పట్టుకుపోతారు. మన మనిషే అయితే, ఆమె తెచ్చిన కొత్త కోడ్ లేకుండా లండన్‌తో మాట్లాడలేం."

సరిగ్గా పన్నెండింటికి సొలాంజ్ వచ్చింది. తలకి సిల్కు రుమాలు, అలసిన నవ్వు. హోటల్లో ఉన్నవాళ్లంతా ఓసారి తలెత్తి చూశారు.

"కుంటి గుర్రం అమ్ముడుపోయిందా అన్నా?"

"లాడాలు మిగిలాయి."

గుర్తుమాట సరిపోయింది. కాగితాలూ సరిపోయాయి. "మాదీ ఈ పక్క పల్లెటూరే. మా నాన్నకి పదహారు ఆవులు," అంది. యాస కూడా సరిపోయింది. ఫిర్మిన్‌కి నమ్మేద్దామనిపించింది. అనుమానపడి అనుమానపడి విసిగిపోయి ఉన్నాడు.

బెర్తీల్ క్యాబేజీ సూప్ తెచ్చి పెట్టింది. ఇద్దరూ తాగారు. సొలాంజ్ రొట్టెముక్కతో గిన్నె అడుగు అద్దంలా తుడిచి, ఆ ముక్క నోట్లో వేసుకుని, ఖాళీ గిన్నెలో ఎర్ర వైన్ పోసుకుంది. రెండు చేతులా ఎత్తి తాగింది.

ఫిర్మిన్ తన గిన్నెలోకి చూసుకున్నాడు. అడుగున రెండు చెంచాల వేడి సూప్. వైన్ పోసేది ఆ మిగిలినదాన్లోకేనని ఇక్కడ చిన్నపిల్లలక్కూడా తెలుసు. ఎవరో ఈమెకి గిన్నెతో తాగడం నేర్పారు. ఎందుకు తాగుతారో నేర్పలేదు.

"రేడియో ఎక్కడ?" అంది మెల్లగా.

"పాత సున్నపురాయి క్వారీలో. నువ్వు సైకిల్ మీద ముందు పద. నేను వెనకొస్తా. జంటగా పోతే ఊళ్లో వాళ్ల నోళ్లు ఊరుకోవు."

ఆమె నవ్వి, పౌడర్ డబ్బా తెరిచి ముక్కుకి అద్దుకుంది. డబ్బాలో అద్దం ఎండని కిటికీలోంచి రెండుసార్లు అవతలికి విసిరింది. వీధి చివర నల్ల కారు స్టార్టయింది.

సైకిలు, దాని వెనకే కారు మలుపు తిరిగాయి. బెర్తీల్ కిటికీలో ఎర్ర దుప్పటి ఆరేసింది. వాగు అవతల మిల్లు చక్రం ఆగింది. ఆన్సెల్మ్ చూశాడు.

"మనకెంతసేపుంది?" అంది బెర్తీల్.

"క్వారీకి పోను అరగంట, రాను అరగంట."

బెర్తీల్ పొయ్యి ఆర్పింది. పద్దెనిమిదేళ్లుగా నడిపిన హోటల్. ఆప్రాన్ విప్పి మేకుకి తగిలించింది, రేపు మళ్లీ వచ్చేదానిలా.

"అన్నీ సరిగ్గానే చెప్పింది కదరా. ఎక్కడ దొరికిపోయింది?"

"నీ సూప్ మరీ బాగుందక్కా," అన్నాడు ఫిర్మిన్, కోటు తొడుక్కుంటూ. "ఒక్క చుక్క మిగల్చలేదు."