వెనక్కి నడిచే గైడు

గైడు కోటగోడ కింద పడి ఉన్నాడు. మెడలో ఐడీ కార్డు అలాగే వేలాడుతోంది. చేతిలో చిన్న మైకు ఇంకా పట్టుకునే ఉన్నాడు.

సమయం ఉదయం పదీ నలభై.

ఇన్‌స్పెక్టర్ తల పైకెత్తి చూసింది. నాలుగంతస్తుల ఎత్తు. పైన పిట్టగోడ ఒకచోట కూలిపోయి, పన్ను ఊడిన చిగురులా ఖాళీగా ఉంది. అక్కణ్ణుంచే పడ్డాడు.

ఆమె ఈ ఊళ్ళోనే పుట్టింది, ఈ ఊళ్ళోనే పెరిగింది. కోట లోపలికి రావడం మాత్రం ఇదే మొదటిసారి. ఎక్కడెక్కడివాళ్ళో విమానాలెక్కి వచ్చి చూసిపోయే కోటని, ఊరివాళ్ళు బస్సు కిటికీలోంచి చూసి సరిపెట్టుకుంటారు. ఇన్నేళ్ళకి చూసే యోగం పడితే అదీ ఇలా పట్టింది, ఖర్మ!

"ఎవరు చూశారు?"

"ఓ బస్సెడు టూరిస్టులు మేడమ్," అన్నాడు ఎస్సై. "ఆయన వాళ్ళవైపు తిరిగి, వెనక్కి నడుస్తూ కథ చెబుతున్నాడట. ఇంతలో పక్క మెట్ల మీంచి ఆయన తమ్ముడు పరుగున వచ్చాడు. చెయ్యి చాచాడు. ఈయన పడ్డాడు."

"తోశాడా?"

"తోశాడనే అంటున్నారు. చెయ్యి తగలడం చూశారా అంటే మాత్రం గుటకలు మింగుతున్నారు."

"వెనక్కి నడవడమేమిటయ్యా, విడ్డూరం కాకపోతే?"

"అదే ఆయన స్పెషల్ మేడమ్. అందరూ రివర్స్ గేర్ అని పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా తల తిప్పకుండా అలాగే నడుస్తాడు. సరిగ్గా అంచు దగ్గర ఆగిపోయి, 'శత్రుసైన్యం ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది' అంటాడు. జనం ఒకటే చప్పట్లు."

కోట మేనేజర్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇది ముమ్మాటికీ హత్యే మేడమ్. ఆ తమ్ముడు కూడా మా గైడే. కింద అంతఃపురం చూపిస్తుంటాడు. పొద్దున అన్నదమ్ములిద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. 'ఏదో ఒకరోజు చస్తావ్' అని తమ్ముడు అరవడం నా చెవులారా విన్నాను."

"సరే. ఆ పిట్టగోడ కూలి ఎన్నాళ్ళయింది?"

మేనేజర్ నీళ్ళు నమిలాడు. "రెండేళ్ళు... ఫైలు పైకి వెళ్ళింది మేడమ్."

"ఫైలు పైకి వెళ్ళింది, మనిషి కిందికి వచ్చాడు. ఒక కడ్డీ అడ్డం పెట్టించడానికి కూడా చేతులు రాలేదా?"

మేనేజర్ నేలచూపులు చూశాడు. ఇది హత్య అయితే కూలిన గోడ సంగతి ఎవరూ ఎత్తరు. అందుకే ఈ పెద్దమనిషికి హత్య అంటే అంత ముద్దొస్తోంది అనుకుంది ఆమె.

మేనేజర్ వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై మూడో, నాలుగో ఉంటాయి. మెడలో కెమెరా. గోడ మీద టూరిస్టులకి ఫోటోలు తీసి, గేటు దగ్గర ప్రింట్లు వేసి ఇచ్చే ఫోటోగ్రాఫర్. చనిపోయినాయనకి ఒక్కగానొక్క కూతురు. కళ్ళల్లో చుక్క నీరు లేదు. ఏడవడానికి కూడా తీరిక లేనంత కోపంగా, అవతల కానిస్టేబుళ్ళ మధ్య కూర్చున్న బాబాయిని చూస్తోంది.

"మా బాబాయే చంపాడు మేడమ్. బాబాయేంటి, ఇంక వాడే."

"నువ్వు చూశావా అమ్మా?"

"లేదు. కింద ప్రింట్లు తీస్తున్నా. అమ్మ పోయాక నాకు నాన్నొక్కడే మేడమ్. ఎవరు చేశారో తేల్చి నా ముందు నిలబెట్టండి. నాకింకేం వద్దు."

"నిలబెడతాను," అంది ఇన్‌స్పెక్టర్. పోలీసులు ఇవ్వకూడని మాట అది. ఆ పిల్ల మొహం చూస్తే నోట్లోంచి వచ్చేసింది.

మధ్యాహ్నానికి ఎస్సై ఒక వీడియో సంపాదించాడు. పడిన మరుక్షణం ఎవరో టూరిస్టు ఫోన్‌లో తీసింది. అందరూ అరుస్తూ అంచువైపు పరుగెత్తుతున్నారు. తమ్ముడు ఒక్కడే అటు వెళ్ళలేదు. గోడ మీద కోట చరిత్ర రాసి ఉన్న ఇనప స్టాండు బోర్డు ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అంచుకి దూరంగా ఈడ్చుకొచ్చి పెట్టాడు. ఆ తర్వాతే కిందికి పరుగెత్తాడు.

"సాక్ష్యం మాయం చేస్తున్నాడు మేడమ్!"

"బోర్డులో ఏం సాక్ష్యముందయ్యా? రాజుల పేర్లు తప్ప?"



స్టేషన్‌లో తమ్ముడు బల్లకి అటువైపు తలవంచుకు కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"పొద్దున గొడవ దేనికి?"

"వెనక్కి నడవడం మానెయ్యమన్నాను. వయసొస్తోంది అన్నయ్యా, చూపు ఆనడం లేదు, ఏదో ఒకరోజు చస్తావ్ అన్నాను. వింటేగా."

"నువ్వుండాల్సింది కింద. పైకెందుకు పరుగెత్తావు?"

అతను బల్ల అంచుని గోటితో గీకసాగాడు.

"బోర్డు ఎందుకు జరిపావు?"

అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నేనే తోశాను మేడమ్. రాసుకోండి."

"నేనడిగింది బోర్డు గురించి."

"నేనే తోశానంటున్నాగా! సంతకం ఎక్కడ పెట్టమంటారో చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ పెన్ను కింద పెట్టేసింది. ఒప్పించడానికి తలప్రాణం తోకకొచ్చే కేసులు ఎన్నో చూసింది. వద్దు బాబో అన్నా వినకుండా ఒప్పేసుకునేవాణ్ణి చూడటం ఇదే.

సాయంత్రం ఆమె ఫోటోగ్రాఫర్ ఇంటికి వెళ్ళింది. ఆ అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది. ఏళ్ళ తరబడి తీసిన నాన్న ఫోటోలు. అంచు దగ్గర చేతులు చాచి నవ్వుతున్న మనిషి. ఎండలో, మబ్బులో, గొడుగు కింద. చొక్కాలు మారాయి, జుట్టు నెరిసింది. నిలబడే చోటు, ముందున్న ఆ ఇనప బోర్డు మాత్రం మారలేదు.

"ఇవాళ పొద్దుటివీ ఉన్నాయా?"

"ఉన్నాయి. నాన్న లేడు వాటిలో. ఎవరో జంటవి."

ఒక ఫోటో దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆగిపోయింది. కొత్త జంట, వాళ్ళ వెనక గంటల బురుజు, అడుగు నుంచి కొస దాకా స్పష్టంగా. చాలాసేపు చూసింది. లాప్‌టాప్ మూసేసి, మంచినీళ్ళు అడిగి తాగింది.

"ఏమైనా దొరికిందా మేడమ్?"

"రేపు చెబుతాను. నువ్వు రానక్కర్లేదు, నేనే వస్తాను."

"నేనొస్తా," అంది ఆ అమ్మాయి. చెప్పినట్టే వచ్చింది.

మర్నాడు ఉదయం గోడ మీద ఐదుగురు. మేనేజర్, బేడీలతో తమ్ముడు, ఎస్సై, ఇన్‌స్పెక్టర్, ఆ అమ్మాయి.

"ఎస్సై గారూ, కాస్త వెనక్కి నడిచి చూపించండి."

ఎస్సై నడిచాడు. రెండడుగులకోసారి మెడ తిప్పుతూనే ఉన్నాడు.

"చూశారా, తల తిప్పకుండా ఉండటం మనవల్ల కాదు. ఆయనవల్ల ఎలా అయింది? నిన్నంతా, ఆయన ఎందుకు పడ్డాడనే అడిగాం. ముప్పై ఏళ్ళు ఎందుకు పడలేదని ఒక్కరం అడగలేదు."



"ఆయనకో గుర్తుంది. ఈ బోర్డు. వెనక్కి నడిచే మనిషికి, ఏ వస్తువైనా దాటేశాకే కళ్ళ ముందుకొస్తుంది. బోర్డు కనబడగానే మూడడుగులు వేసి ఆగేవాడు. పాత ఫోటోలన్నిటిలో ఆయనకీ బోర్డుకీ దూరం ఒక్కటే. ఇది చప్పట్ల రహస్యం కాబట్టి ఆయన ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి తప్ప."

తమ్ముడు తల ఎత్తలేదు.

"రాతి మీద ఈ గీతలు చూడండి, కొత్తవి. నిన్న బోర్డు రెండుసార్లు కదిలింది. మొదట అంచువైపు, ఆ తర్వాత మళ్ళీ యథాస్థానానికి. అంచువైపు జరిగిన బోర్డుని నమ్ముకుని ఆయన మూడడుగులు వేశాడు. మూడో అడుగుకి నేల లేదు. బోర్డు జరిగి ఉండటం కింద నుంచి చూసి తమ్ముడు పరుగెత్తాడు. చాచిన చెయ్యి పట్టుకోవడానికి చాచింది. అందలేదు."

"ఇంక చాలు మేడమ్!" తమ్ముడు గట్టిగా అరిచాడు. "నేనే తోశానని చెప్పానుగా! ఇంతటితో ఆపండి, మీకు పుణ్యముంటుంది!"

ఇన్‌స్పెక్టర్ నిజంగానే ఆపేయాలనుకుంది. ఎవరో టూరిస్టు జరిపాడని అనేస్తే పోయేది. నాలుక కదల్లేదు.

"మొదటిసారి..." అంది ఆ అమ్మాయి. "మొదటిసారి ఎవరు జరిపారు?"

అడిగిన మనిషే ఆ గీతల వైపు చూసింది. బురుజు వైపు చూసింది. చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"బురుజుకి అడ్డొస్తోందని... ఫోటో కోసం... మళ్ళీ పెట్టేద్దామనుకున్నా. ప్రింటర్ ఆగిపోయిందని కిందికి పిలిచారు. నేనే మేడమ్. నేనే..."

"నీకేం తెలుసే తల్లీ! నీకు తెలియదు!" తమ్ముడు బేడీలతోనే ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఎస్సై ఆపబోతే ఇన్‌స్పెక్టర్ వద్దని సైగ చేసింది. "నువ్వు జరుపుతుంటే కింద నుంచి చూసింది నేను. చూసి కూడా, టూరిస్టుల గోలలో పడి మర్చిపోయింది నేను. అన్నయ్య మైకు వినబడ్డాకే గుర్తొచ్చి పరుగెత్తాను. తప్పు నాది."

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ వైపు తిరిగింది. "రెండేళ్ళు ఈ గోడ కట్టనివాళ్ళది తప్పు. నేను రాసేది అదే. బేడీలు తీసెయ్యండి."

ఎస్సై తాళం తీశాడు. మేనేజర్ ఏదో అనబోయి, ఆమె చూపు చూసి నోరు మూసుకున్నాడు.

ఆ అమ్మాయి రాతి మీద కూలబడిపోయింది. చాలాసేపటికి తలెత్తింది.

"నీకు ముందే తెలుసు కదా. మరి నిన్న అందరి ముందూ నిన్ను అన్నేసి మాటలంటుంటే ఎందుకూరుకున్నావు?"

అతను పక్కనే చతికిలబడ్డాడు.

"నన్ను తిడుతున్నంతసేపూ నిన్ను నువ్వు తిట్టుకోవుగా, అందుకని."

అప్పుడు ఏడ్చింది ఆ అమ్మాయి, నిన్నటి నుంచీ ఏడవనిదంతా.