చిన్న కుప్ప ముందు

"అతి సంపన్నుల ఆస్తి మీద ఏటా పన్ను వెయ్యాలా, వద్దా?"

శ్రీకాకుళంలో జరిగిన కాలేజీల వక్తృత్వ పోటీకి ఆ ఏడు ఇచ్చిన విషయం అది. చీటీ తీస్తే నరేష్‌కి 'వద్దు' వచ్చింది. ఎదురుగా కూర్చున్న నౌపడ అమ్మాయికి 'వెయ్యాలి' వచ్చింది. ఆమె పేరు రేఖ అని అప్పటికి అతనికి తెలీదు. నీలం చున్నీ భుజం మీంచి జారిపోతున్నా పట్టించుకోకుండా పెన్ను మూత కొరుకుతోందని మాత్రం చూశాడు.

నరేష్ బాగానే మాట్లాడాడు. ఇలాంటి పన్ను మన దేశంలో ఒకప్పుడు ఉండేదనీ, వచ్చే డబ్బు కన్నా వసూలు తలనొప్పి ఎక్కువని ఎత్తేశారనీ చెప్పాడు. డబ్బున్నవాడు విమానం ఎక్కి పోతే ఫ్యాక్టరీలూ పోతాయన్నాడు. చివర్లో, "ఆస్తి ఉన్నంత మాత్రాన చేతిలో నోట్లుంటాయా? పన్ను కట్టడానికి ఏటా ఒక మడి అమ్ముకోమంటారా?" అనేసరికి రైతుబిడ్డలంతా బల్లలు చరిచారు.

రేఖ లేచింది. చేతిలో కాగితం లేదు.

"ఇంత బాగా మాట్లాడిన నరేష్ గారికి నెలకి లక్ష రూపాయల ఉద్యోగం రావాలని కోరుకుంటున్నాను," అంది. అందరూ నవ్వారు. "వచ్చిందనుకుందాం. ఆయన టీ తాగడు. చొక్కా కొనడు. పెళ్ళి చేసుకోడు. ప్రతి పైసా దాస్తాడు. వెయ్యి కోట్లు పోగవ్వాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"వందేళ్ళు!" అన్నారెవరో వెనకనుంచి. "ఐదొందలు!" అన్నారు ఇంకెవరో.

"ఎనిమిది వేల ఏళ్ళు దాటుతుంది. శ్రీకూర్మంలో గుడి లేనప్పుడు, వంశధార ఒడ్డున ఊళ్ళే లేనప్పుడు మొదలుపెట్టాలి ఈయన. పైన ఉన్న కొందరికి అలాంటి వెయ్యి కోట్లు వందల కొద్దీ ఉన్నాయి. మడి అమ్ముకునే రైతు జోలికి నేను పోవడం లేదండీ. ఆ రైతు తలెత్తి చూసినా కనపడనంత ఎత్తులో ఉన్నారే, ఆ పెద్దవాళ్ళ ఆస్తి మీద ఏటా పన్ను వెయ్యాల్సిందే!"

ఇందాక బల్లలు చరిచినవాళ్ళే మళ్ళీ చరిచారు. నరేష్ తాను ఓడిపోతున్న సంగతి మరిచిపోయాడు. మేడ మీద వెల్లకిలా పడుకుని చుక్కల్లోకి చూసినప్పుడు వీపు కింద మేడ జారిపోయినట్టుంటుందే, అలా ఉంది. జారింది ఆ ఎనిమిది వేల ఏళ్ళకా, ఆ గొంతుకా అన్నది తేల్చుకోలేకపోయాడు.

కప్పు ఆమెకే వచ్చింది. బయట మామిడికాయ ముక్కల బండి దగ్గర ఆమెని పట్టుకున్నాడు నరేష్.

"గెలిస్తే గెలిచారు. నాకు పెళ్ళి లేకుండా చేశారేటండీ?"

"లెక్క కోసం అన్నాను. సేసుకోండి, ఎవరు వద్దన్నారు?"

"నా ఒక్కడి ఇష్టమైతే సరిపోదు కదా."

రేఖ చెవులు ఎర్రబడ్డాయి. ముక్కలో కారం ఎక్కువైందని నెపం పెట్టింది. "ఇది డిబేట్ అనుకున్నావేటి, ఐదు నిమిషాల్లో తేల్చీడానికి? ముందు ఫోన్ నంబరు అడగడం నేర్సుకో!"

అడిగాడు. ఫోన్లో పన్నుల గురించి మొదలైన తగువులు నెల తిరిగేసరికి 'అన్నం తిన్నావా' దగ్గరికి, వేసవి వచ్చేసరికి 'ఇంట్లో ఎప్పుడు చెప్తావు' దగ్గరికి వచ్చాయి.

ఇంట్లో చెప్పడం దగ్గరే ఆగింది బండి.

నరేష్ తండ్రి నారాయణమూర్తికి టెక్కలి దగ్గర ఊళ్ళో పన్నెండెకరాలు, ట్రాక్టరు, ఊరికి మొదటి డాబా ఉన్నాయి. ఊరంతా ఆయన్ని పెద్దరైతు అంటుంది. రేఖ ఉపన్యాసంలోంచి చివరి ముక్క ఒక్కటే కత్తిరించి ఎవరో వాట్సాప్‌లో తిప్పారు. 'పెద్దవాళ్ళ ఆస్తి మీద ఏటా పన్ను వెయ్యాల్సిందే!' అది చూసి టీకొట్టు గోపి, "మూర్తిగోరూ, మీ పనైపోనాది" అన్న దగ్గర్నుంచీ ఆయనకి కునుకు లేదు.

"ఆ గుంటేనా?" అన్నాడు కొడుకు చూపించిన ఫొటో చూసి. "నా మీద పన్నెయ్యమన్న గుంటేనా? ఒరే, కోడలొస్తే కొంప నిలబెట్టాల. ఇది అమ్మించీసేలాగున్నాది!"

"అది నీ గురించి కాదు నాన్నా."

"కాకపోతే ఈ సుట్టుపక్కల పెద్దోడెవుడ్రా? సెప్పు, నాకన్నా పెద్దోడెవుడు?"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు నరేష్‌కి. ఆ అడగడంలో కోపం పాలు కన్నా ముచ్చట పాలే ఎక్కువ.

"నీకన్నా పెద్దదాన్ని నానున్నాను," అంది నాయనమ్మ జగ్గమ్మ, చింతపండు గింజలు తీస్తూ. "ముందెల్లి ఆ పిల్లని సూసి రా."

"ఎల్తాను. ఎల్లి ఆ పిల్ల అయ్యకి మొకం మీదే సెప్పీసొస్తాను, ఈ సంబంధం వద్దని!"

మర్నాడే కొడుకు బండి వెనక ఎక్కి నౌపడ వచ్చాడు నారాయణమూర్తి.

ఆయన అక్కడి ఉప్పు మళ్ళని రైల్లోంచి చూడటమే గాని ఎప్పుడూ గట్టు మీద నిలబడలేదు. బండి దిగి అలాగే నిలబడిపోయాడు. కనుచూపు మేరా అద్దాలు పరిచినట్టు నీళ్ళు. గట్ల మీద తెల్లటి కుప్పలు, వాటి నీడలు నీళ్ళలో తలకిందులుగా. అన్నిటి మధ్యా ఒకటి, డాబా కన్నా ఎత్తుగా, ఎండలో కళ్ళు పొడిచేలా మెరుస్తూ.

"ఇదంతా... మీదేనేటి?" ఆయన గొంతు తగ్గింది.

"ఆ పెద్దది వ్యాపారిది మావా. ఈ గట్టు సివర నడుమెత్తుది మాది," అంది ఎదురొచ్చిన రేఖ. మోకాళ్ళ దాకా బురద. వెనక తండ్రి గంగులు దువ్వెన లాంటి కర్రతో ఉప్పు లాగుతూ చెయ్యి ఊపాడు.

"అప్పుడే మావేటి?"

"మరి పేరెట్టి పిలవమంటావా?"

నరేష్ దగ్గాడు.

"నువ్వేనా నా ఆస్తి మీద పన్నెయ్యమన్నది?"

రేఖ వాదించలేదు. "సెయ్యి పట్టు మావా," అని ఆయన అరచేతిలో గుప్పెడు ఉప్పు పోసింది. "ఇది నీ పన్నెండెకరాలు, డాబా, ట్రాక్టరు, అత్త మెళ్ళో బంగారం."

"అన్నీనా?"

"అన్నీ. ఇప్పుడటు సూడు. దేశంలో అందరికన్నా పైనున్నోడిది ఆ పెద్ద కుప్ప."

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. కుప్ప దగ్గరికి నడిచాడు. దాని కింద నిలబడి తలెత్తి, ఇంకా ఎత్తి చూశాడు. తెలీకుండానే భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఓలప్పా! ఒక్కడిదేనా?"

"ఒక్కడిదే."

తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, "అయితే మాత్రం?" అన్నాడు. "ఆడి కష్టం ఆడిది. ఇయ్యాల ఆడి కాడ తీసినోళ్ళు రేపు నా కాడికి రారేటి?"

రేఖ తల ఊపింది. "అదే నా భయమూను. అందుకే పన్ను ఎవుడి కాడ మొదలో, ఆ గీత ఎక్కడ గీస్తన్నారో మనం దగ్గరుండి అడగాల మావా."

"అడిగినంత మాత్రాన గీస్తారేటి?" అన్నాడాయన. ఈ సంబంధం కుదరదన్న మాట నాలుక చివరికి వచ్చేసింది.

సముద్రం వైపు నుంచి చల్లటి గాలి కొట్టింది. నిమిషంలో ఎండ పోయి, బొట్టు బొట్టుగా మొదలైంది.

"తాటాకులు! బేగి!" గంగులు అరిచాడు.

ఎక్కడెక్కడివాళ్ళూ ఆకులు లాక్కుని పరిగెత్తారు. కళ్ళంలో వడ్లు తడుస్తుంటే చూస్తూ ఊరుకోలేని ప్రాణం నారాయణమూర్తిది. మోపెడు ఆకులు ఎత్తుకుని సరాసరి పెద్ద కుప్ప మీదికి ఎగబాకాడు. వెనకే నరేష్. చిత్రంగా, ఆ వ్యాపారి కూలీలు కూడా దాన్ని దాటి గట్ల చివరికి పోతున్నారు.

"ఒరే, ఎటెల్తన్నార్రా! ఇంత సొత్తు తడిసిపోతన్నాది!"

"దాన్నొగ్గీ మావా! కిందన సూడు, ఆ ముసలమ్మది కప్పు!" వానలోంచి రేఖ కేక.

ఆయన చూశాడు. తన కాళ్ళ కింద పెద్ద కుప్ప పైపైన మసకబారి, నాలుగు చారలు కారి, కొండలాగే నిలబడి ఉంది. పక్క గట్టు మీద మోకాలెత్తు కుప్ప ఒకటి చూస్తుండగానే కుంగి, పాలలా మడిలోకి జారిపోతోంది. దాని చుట్టూ ఒక ముసలామె చీర కొంగు పరుస్తూ ఒక్కతే తిరుగుతోంది.

నారాయణమూర్తి ఒక్క ఉదుటున కిందికి జారి అటు పరిగెత్తాడు. ఆకులు పరిచాడు. గాలికి లేస్తుంటే తానే వాటి మీద బోర్లా పడుకున్నాడు. అటువైపు అంచు మీద నరేష్ కూర్చున్నాడు.

వాన వెలిశాక అందరూ ఉప్పు ముఖాలతో ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

"ఇది మా కాడ ఆనవాయితీ బావా," అన్నాడు గంగులు. "వానొస్తే సిన్న కుప్ప ముందు. ఎవుడిదైనా సరే. పెద్దదానికి పైపొర పోతాది. సిన్నదానికి ఏడాది తిండే పోతాది."

"వ్యాపారి ఊరుకుంటాడేటి?"

"గొణుగుతాడు. గొణగనీ. ఆడి కూలోళ్ళకీ సిన్న కుప్పలున్నాయి మరి."

నారాయణమూర్తి కరగకుండా మిగిలిన ఆ మోకాలెత్తు కుప్పని తడిమాడు. వెనక ఉన్న ఉప్పు కొండని చూశాడు.

"అమ్మా, నువ్వు సెప్పిన పన్ను పడితే నాను కట్టాలేటి?"

"అక్కర్లేదు మావా."

"కూసింత కూడా?"

"కూసింత కూడా. నువ్వు ఆ దరిదాపుల్లో లేవు."

ఆయన ముఖంలో ఊరట కనిపించింది. దాని వెనకే కాస్త చిన్నబుచ్చుకోవడం కూడా. "సరే. మా ఊళ్ళో మాత్రం ఈ మాట అనకండి," అన్నాడు.

గంగులు నవ్వు ఆపుకుని, "ఇంతకీ ఏటో మొకం మీద సెప్పాలనొచ్చినావంట?" అన్నాడు.

రేఖ తండ్రి చెయ్యి పట్టుకుంది.

"సెప్పాలనే వచ్చినాను. మావోడికి తెలివి తక్కువ. నా ఎనకాలే పెద్దదాని మీదికెక్కినాడు, సూసినావు కదా. మీ పిల్ల మా ఇంటికొచ్చి ఉంటే ఇద్దరికీ నేర్పుతాది. పంపుతావేటి బావా?"

గంగులు తడి బట్టల్తోనే ఆయన్ని వాటేసుకున్నాడు.

తండ్రులిద్దరూ గట్టు మీద అటు నడిచారు. కడిగిన ఆకాశం కింద, ఆ తెల్లటి కొండ పక్కన, రెండు చీమల్లా ఉన్నారు.

"ఎంత సిన్నగా ఉన్నారో సూడు," అంది రేఖ.

నరేష్ అటు చూడలేదు. ఆమె కనుబొమ్మ మీద ఒక ఉప్పు రవ్వ మెరుస్తోంది. అంత తెల్లని వెలుగులో అతనికి కనబడుతున్నది అదొక్కటే.

"నువ్వంటే నాకు పేణం రేఖా."

"నెమ్మదిగా సెప్పు. మా నాన్న ఇంటాడు."

"ఇననీ."

"ఇనబడతన్నాదిరా!" గట్టు చివర్నుంచి నారాయణమూర్తి కేకేశాడు. "సిగ్గులేదేటి ఇద్దరికీ? ఇటొచ్చి ఈ ఆకులు సిన్న కుప్పల కాడ ఎయ్యండి, మళ్ళీ మబ్బేస్తన్నాది!"