ఎనిమిది నెలల ధూళి

పొద్దున ఎనిమిది కాకముందే బాన్సువాడలో ఎండ చుర్రుమంటోంది. రెండు గదుల పెంకుటింట్లో లచ్చవ్వ అప్పటికే ఒళ్లో చాట పెట్టుకుని ముందుగది గోడకు ఆనుకుని కూర్చుంది. కత్తిరించిన తునికాకులో చిటికెడు తంబాకు పోసి, వేళ్లతో చుట్టి, దారం బిగించి, బీడీని పక్కన పడేస్తోంది. చేతులవైపు చూడాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడో తీరిపోయింది. పన్నెండో ఏట పట్టిన చాట అది. భర్త పోయాక ఇద్దరు పిల్లల చదువులూ ఆ చాట మీదే నడిచాయి.

అదే గదిలో ఎదుటి గోడ వారగా, మంచమ్మీద కొడుకు అఖిలేశ్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. ఇంజనీరింగ్ అయ్యాక ఊళ్లోనే ఒక కంప్యూటర్ సెంటర్లో రెండేళ్లు పాఠాలు చెప్పి, జీతం కూడబెట్టి, ఎనిమిది నెలల కింద హైదరాబాద్ వెళ్లి కొనుక్కొచ్చిన లాప్‌టాప్ అది. పెద్ద పెద్ద గేములు ఆడడానికని తయారుచేసింది. వాడికి ఆడడం కంటే గేములు తయారుచేయడం మీద పిచ్చి. అది రెండువేల తొమ్మిది ఏప్రిల్. హైదరాబాద్‌లో గేములు తయారుచేసే కంపెనీ ఒకటి వాడికి ఒక పరీక్ష పెట్టింది. ఒక పాత కోటను నాలుగు వైపులా కనిపించేలా కంప్యూటర్లో బొమ్మ కట్టి, పన్నెండు రోజుల్లో పంపాలి. బాగుంటే ఉద్యోగం.

నాలుగు రోజులు గడిచిపోయాయి. కోట ఒక్క బురుజు దాటలేదు. బొమ్మ కాస్త పెద్దదయ్యేసరికి లాప్‌టాప్ లోపలి ఫ్యాను పిండిగిర్నీలా మోత మొదలుపెడుతుంది. వేళ్ల కింద అక్షరాల మీటలు కాలిపోతాయి. ఆ తర్వాత ఒక్కసారిగా ఆరిపోతుంది. అడుగున రెండు ఇటుక పెళ్లలు పెట్టి చూశాడు. తడి తువ్వాల పరిచి చూశాడు. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునైతే ఎండాకాలం మొదలైనప్పుడే తల్లి దగ్గరనుంచి లాప్‌టాప్ వైపు తిప్పేసుకున్నాడు. తల్లి పక్కనుంచి వచ్చే గాలి నేరుగా దాని మీదే కొట్టేలా.

ఆ పొద్దున కూడా తెర నల్లబడింది.

"మల్ల ఆగిపోయిందా బిడ్డా?" అంది లచ్చవ్వ, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

"నీకెందుకే అవ్వా, నీ పని నువ్వు చేసుకో!"

డిగ్రీ పరీక్షకు బయల్దేరుతున్న చెల్లెలు సహజ గుమ్మంలో ఆగింది. "అడిగితే గట్ల మీద పడ్తవేందన్నా? పొద్దుగాల నుంచి ఉడుకపోతల కూసుంది అవ్వ. ఆ ఫ్యాన్ జెర్ర ఇటు తిప్పరాదు?"

అఖిలేశ్ లాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని బస్టాండు దగ్గర దత్తు దుకాణానికి బయల్దేరాడు.

దత్తు మరాఠీ వాళ్ల పిల్లాడే కానీ, బాన్సువాడలోనే పుట్టి పెరిగాడు. టీవీల నుంచి కంప్యూటర్ల దాకా ఏదైనా విప్పుతాడు. అడుగు మూతకున్న మరలన్నీ తీసి, ఫ్యానును పట్టుకారుతో పైకి లేపి, లోపలికి వంగి చూశాడు. ఫ్యానుకూ వేడి బయటికి పోయే సన్నని రేకులకూ మధ్య గోధుమరంగు పొర ఒకటి కంబళి ముక్కలా గట్టిగా అతుక్కుని ఉంది. దత్తు దాన్ని గోటితో లాగితే మొత్తం ఒక్కటిగా ఊడి వచ్చింది. వాసన చూశాడు.

"తంబాకు," అన్నాడు. "ఇంట్ల బీడీలు చేస్తరా?"

"మా అవ్వ చేస్తది."

"ఎన్ని దినాలైంది ఇది కొని?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలకే గింతనా!" దత్తు తల ఊపాడు. "ఇది కింది నుంచి గాలి తీస్కొని పక్కనుంచి ఇడుస్తది తమ్మీ. ఇడిచే తొవ్వ మూసుకపోతే ఉడుకు లోపల్నే ఉంటది. అయినా ఒక్క గదిల ఉన్నంత మాత్రాన గింత పట్టదే... ఫ్యాన్ గిట్ల పెట్టినవా దీనికి?"

"పెట్టిన. ఎండాకాలం మొదలైన కాడ్నించి."

"ఇగ గదే. సల్లగైతదని నువ్వు పెట్టిన ఫ్యానే ధూళంతా తెచ్చి దీని నోట్ల కొట్టింది."

దత్తు బ్రష్షుతో రేకులు దులిపి, గాలి కొట్టి, చిప్పు మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు గీకి కొత్తది రాసి, మధ్యాహ్నానికి చేతికిచ్చాడు. ఫ్యాను చప్పుడు వినిపించనంత మెత్తగా తిరిగింది. "మంచం మీద పెట్టకు. తంబాకుకు దూరం పెట్టు. మల్ల ఏం గాదు," అన్నాడు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ అఖిలేశ్‌కు పోయిన నాలుగు రోజులే కళ్ల ముందు తిరిగాయి. కోపం వచ్చింది. ఆ కోపంలో దత్తు చెప్పిన రెండు మాటల్లో ఒకటే ఇంటిదాకా వచ్చింది. రెండోది వాడే దారిలో మింగేశాడు.

"నీ తంబాకే అవ్వా!" గుమ్మంలో నుంచే అరిచాడు. "నీ తంబాకే నా లాప్‌టాప్‌ని కరాబ్ చేసింది. లోపలంతా నీ ధూళే. రెండేండ్ల నా కష్టం అది!"

లచ్చవ్వ చేతిలోని బీడీ సగం చుట్టి ఆగిపోయింది. "నాకేం ఎర్క కొడుకా... దాంట్ల పడ్తదని నాకెవ్వలు జెప్పిండ్రు?"

"ఇప్పుడు చెప్తున్న కదా! ఈ గదిల వద్దు. బయట చేసుకో పో. ఈ నౌకరి పోతే మల్ల రాదు నాకు."

"బయట ఏడ చేస్తది?" అప్పుడే పరీక్ష రాసి వచ్చిన సహజ సంచి కింద పడేసింది. "రేకుల కిందనా? గీ ఎండల? నీ డబ్బాకు సల్లగ ఉండాలె, అవ్వ ఉడకాల్నా?"

"ఎనిమిది దినాలే సహజా! ఎనిమిది దినాలు కూసుంటే సచ్చిపోతదా?"

అన్న క్షణమే అది తప్పని అఖిలేశ్‌కు తెలిసింది. వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు.

లచ్చవ్వ మోకాళ్ల మీద చేయి వేసి మెల్లగా లేచింది. "లొల్లి వద్దు బిడ్డా," అని కూతురికి చెప్పి, చాట, ఆకుల మూట, దారపు ఉండ తీసుకుని పెరట్లో కట్టెలు పేర్చుకునే రేకుల చాటుకు వెళ్లింది. పోతూ పోతూ తాను కూర్చున్న చోట చీపురుతో ఊడ్చి, తడిగుడ్డ పెట్టి మరీ పోయింది.

మరునాటి నుంచి లాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆరిపోలేదు. బురుజులు లేచాయి, ద్వారం లేచింది, గోడల మీద నాచు కూడా పచ్చగా పట్టింది. పెరట్లోనుంచి దగ్గు వినిపిస్తుండేది. పొడిగా మొదలై, ఆగకుండా సాగి, చివర కీచుమని ఈల వేసినట్టు అయ్యేది. మొదటి రోజు అఖిలేశ్ రెండుసార్లు లేచి కిటికీదాకా వెళ్లాడు. మూడో రోజుకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పని అయిపోనీ, నేనే చేయిపట్టుకుని లోపలికి తీసుకొస్తా అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నెట్ సెంటర్‌కు పోయి కోటను కంపెనీకి పంపి, తేలికపడ్డ మనసుతో వీధి మలుపు తిరిగేసరికి సహజ కేక వినిపించింది. పెరట్లో రేకుల కింద లచ్చవ్వ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. చాట బోర్లా పడి తంబాకంతా చీర మీద చల్లుకుపోయింది. అఖిలేశ్ తల్లిని రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. అంత తేలిగ్గా ఉంటుందని వాడెన్నడూ అనుకోలేదు.

దవాఖానలో సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి లచ్చవ్వ కళ్లు తెరిచింది. మరునాడు డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఇద్దరినీ పక్కకు పిలిచింది.

"ఎండదెబ్బ రెండు రోజుల్లో తగ్గిపోతుంది. నా భయం దాని గురించి కాదు. ఈ దగ్గు ఎన్నాళ్లుగా ఉంది?"

"మూడేండ్లయితుంది మేడమ్," అంది సహజ. "మెట్లెక్కితే కూడా ఆయాసం. దవాఖానకు పోదామంటే, అన్నకు నౌకరి రానీ అంటది."

మూడేళ్లు. అఖిలేశ్ చెల్లెలి ముఖంలోకి చూడలేకపోయాడు.

"బీడీలు ఎన్నేళ్లుగా చేస్తోంది?"

"చిన్నప్పటి నుంచి. ముప్పయ్యయిదేండ్లు."

"ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. ఇక తంబాకు ముట్టకూడదు. మందులిస్తాను, ఆయాసం కొంత తగ్గుతుంది. ఉన్నదాన్ని కాపాడుకోవాలి."

దత్తు గోటితో లాగితే ఊడి వచ్చిన ఆ గోధుమరంగు పొర అఖిలేశ్ కళ్లముందు నిలిచింది. ఎనిమిది నెలలకే గింతనా అన్న మాట చెవుల్లో మోగింది.

"లోపల పట్టింది... తీయడానికి రాదా మేడమ్?" అన్నాడు.

డాక్టరమ్మ వాడిని ఒకసారి తేరిపార చూసింది. "రాదు బాబూ," అంది మెత్తగా.

మూడో రోజు ఆటోలో ఇంటికి తీసుకొచ్చారు. దారి పొడుగునా లచ్చవ్వకు ఒకటే ఫికర్: కార్ఖానాలో ఇవ్వాల్సిన బీడీలు మిగిలిపోయాయని, పేరు కొట్టేస్తే ఇన్నేళ్లుగా పీఎఫ్ జమవుతున్న బీడీ కార్డు ఏమవుతుందోనని. "కార్డు సంగతి నేను చూస్తనే అవ్వా," అంటూ సహజ చేయి పట్టుకుని దింపింది.

గుమ్మం మెట్ల ముందుకు రాగానే లచ్చవ్వ ఆగిపోయింది. కూతురి చేయి విడిపించుకుని, రెండడుగులు వెనక్కి వేసి, కొంగు విప్పి గట్టిగా దులిపింది. మళ్లీ దులిపింది. కుచ్చిళ్లు కూడా దులుపుకుంది. ఆ మాత్రానికే ఆయాసం వచ్చి గోడ పట్టుకుంది.

"ఏం చేస్తున్నవే అవ్వా?" అన్నాడు అఖిలేశ్.

"నీ మిషన్ల పడ్తదేమో బిడ్డా. లోపలికి రావచ్చునా? అయిపోయిందా నీ పని?"

అఖిలేశ్ మెట్ల మీదే కూలబడ్డాడు. తల్లి పాదాల దగ్గర ముఖం పెట్టుకున్నాడు.

"తప్పు నీది కాదే అవ్వా. నాది. ఫ్యాను అటు తిప్పినందుకే ధూళంతా దాంట్లకు పోయిందని దత్తన్న చెప్పిండు. నాకు ఎర్కనే. అయినా నిన్నే అన్న. నిన్ను ఎండల కూసోబెట్టిన. లోపల కూసొని నీ దగ్గు ఇన్కుంట... ఇనకుంట చెవులు మూసుకున్న అవ్వా..."

లచ్చవ్వ వాడి జుట్టులో వేళ్లు పెట్టింది. "ఆ మాటన్నప్పుడు బాధైంది కొడుకా," అంది. "కాలేదంటే అబద్ధమైతది. గని నా పిల్లగాడు గట్లనెటోడు కాదు, నౌకరి ఫికర్ల అన్నడు అనుకున్న." ఆగి ఊపిరి తీసుకుంది. "లే. లోపలికి తీస్కపో నన్ను."

అఖిలేశ్ లేవలేకపోయాడు. భుజాలు అదిరిపోతున్నాయి. వెనక సహజ కూడా ముఖం తిప్పుకుని వెక్కిళ్లు పెడుతోంది.

"ఊకో బిడ్డా," అంది లచ్చవ్వ వాడి తల దగ్గరికి లాక్కుంటూ. "నువ్వు ఏడిస్తే నాకేడుపొస్తది. నేనేడిస్తే దగ్గొస్తది. ఊకో."

అఖిలేశ్ తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. ఏడుపును అట్లాగే లోపలికి దిగమింగి, లేచి, తల్లి నడుం చుట్టూ చేయి వేసి, ఒక్కొక్క మెట్టే ఎక్కించి లోపలికి తీసుకుపోయాడు.