గరిటెకు తెలిసిన మంట

అంగారకుడి మీద అన్నం తిన్నాక ఎవరూ వెంటనే నడుం వాల్చరు. అక్కడ ఆకర్షణ శక్తి తక్కువ. తిన్నది కడుపులో కుదురుగా కూర్చోదు. అందుకే 2094లో అరుణగిరి నివాసంలో మంచాలన్నీ తలవైపు జానెడు ఎత్తుగా ఉంటాయి. భోజనమయ్యాక మూడు గంటలదాకా వాటి మడత విప్పుకోదు.

అయినా పట్టాభి మాస్టారికి గుండెల్లో మంట తగ్గలేదు. పిల్లలకు సంగీతం నేర్పే ఆ గొంతు బొంగురుపోయింది. నలభై రోజుల్లో నివాసం వార్షికోత్సవం. మాస్టారు పాడకపోతే మేమూ పాడమని పిల్లలు మొండికేశారు.

డాక్టర్ నీరజాక్షి పరీక్షలు చేసింది.

"అన్నవాహిక చివర ఒక కండరపు కవాటం ఉంటుంది మాస్టారూ. పొట్ట మరీ నిండితే అది వదులై, ఆమ్లం పైకి తన్నుతుంది. గొంతును పాడుచేస్తున్నది అదే. కొంచెం కొంచెంగా తినాలి. చాలు అనలేరా?"

"అంటానమ్మా. చెయ్యి అడ్డం కూడా పెడతాను. మంగతాయారు గారు చేతిమీదే వడ్డించేస్తారు. గట్టిగా అనాలంటే మొహమాటం."

మంగతాయారు క్యాంటీన్ పెద్ద. రెండోసారి వేయించుకోని మనిషిని చూస్తే ఆవిడకు దిగులు.

నీరజాక్షి 'ఆమ్లపాలిక' అనే యంత్రాన్ని తయారుచేసింది. ఆవగింజంత సెన్సర్ అన్నవాహికలో ఉండి ఆమ్లాన్ని కొలుస్తుంది. కాలర్ మీది బొత్తాం మాస్టారి తరఫున మాట్లాడుతుంది. మొదటిరోజు అది "వద్దు. వెళ్ళండి" అంది. మంగతాయారు అలిగి, ఆ పూట ఎవరికీ చారు పెట్టలేదు. దానికి కాస్త మర్యాద నేర్పాలని నీరజాక్షి వెయ్యి పెళ్ళిభోజనాల రికార్డింగులు వినిపించింది.

అయినా మంట తగ్గలేదు. ఎందుకో చూద్దామని ఆమె క్యాంటీన్‌కి వెళ్ళి మాస్టారి పక్కన కూర్చుంది.

"చాలండీ మంగతాయారు గారూ," అంది బొత్తాం, ఎంతో మెత్తగా.

"పొద్దుటినుంచి నిలబడి చేశాను. ఒక్క గుత్తివంకాయ కూడా వద్దా?"

బొత్తాం కాసేపు ఆలోచించింది. "అయ్యో, మీరంతగా అంటే... ఒక్కటి వేయండి."

క్యాంటీనంతా నవ్వింది. "మర్యాద నేర్పితే మొహమాటం నేర్చుకున్నావా!" అని నీరజాక్షి తల పట్టుకుంది.

మర్నాడు ఆమె ఆ బొత్తాన్ని మంగతాయారు గరిటె పిడికి బిగించింది. మాస్టారి అన్నవాహికలో ఆమ్లం ఎక్కినకొద్దీ పిడి వేడెక్కుతుంది.

మంగతాయారు రెండోసారి పప్పు వడ్డించబోయి గరిటె వదిలేసింది.

"అమ్మో! ఇంత మంట పెట్టుకుని రోజూ బాగుందండీ అన్నారా మాస్టారూ?"

"బాగుంది కాబట్టే అన్నాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆరోజునుంచి మాస్టారికి చిన్న గిన్నె. అదీ మూడు పూటలు కాదు, అయిదు. నెల తిరిగేసరికి గొంతు విచ్చుకుంది. ఉత్సవంలో ఆయన తారస్థాయి అందుకుంటుంటే పిల్లలు కూడా అందుకోలేకపోయారు.

ఆ మధ్యాహ్నం విందులో గుత్తివంకాయ ఘుమఘుమలాడింది. మాస్టారు కంచం చాచారు. మంగతాయారు తన చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలండీ."

"ఒక్కటే, మంగతాయారు గారూ! ఇన్నాళ్ళూ వద్దంటే వేశారు. ఇవాళ నోరు విడిచి అడుగుతున్నాను."

"కుదరదు."

ఇద్దరి మధ్యా గరిటె పిడి మీది బొత్తాం సన్నగా దగ్గింది.

"పెద్దాయన. అంతగా అడుగుతున్నారు... ఒక్కటి వేయండి."