గోడలో ఏటవాలు పైపు

“ఇటునుంచి ఇటు లాగితే దగ్గర కదా” అంటూ ఆమె స్విచ్చుల పెట్టె నుంచి మూలనున్న గ్రైండర్ ప్లగ్గు దాకా గాలిలో వేలితో ఏటవాలుగా గీత గీసింది.

“అవదండీ” అన్నాడు కరెంటు పనివాడు.

“ఎందుకవదు?”

“వైరు నిలువుగా పోవాలి, లేదా అడ్డంగా పోవాలి. ఏటవాలుగా పోకూడదు.”

“పోతే గోడ ఒప్పుకోదా?”

“గోడకేమండీ. రేపు మేకు కొట్టేవాళ్లకు తెలియాలి కదా. స్విచ్చు కనబడితే దాని నెత్తిన సూటిగా వైరుంటుందని ఎవరైనా పోల్చుకుంటారు. మీ గీత ఎవరికి కనబడుతుంది?”

వంటగది బాగుచేయించడం మొదలై మూడు వారాలు. పొయ్యి వెనక ప్లగ్గు అడిగితే అవదండీ. సింకు పక్కన అడిగితే అవదండీ. విసిగి విసిగి ఆమె అతనికి ఆ పేరే పెట్టేసింది. ఇంట్లో అమ్మా నాన్నా కూడా అలాగే పిలుస్తున్నారు.

గోడలో వైర్ల పైపు వేసిన గాడి పూడ్చేముందు ఫొటో తీయడం అవదండీకి అలవాటు. కొలత తెలియాలని టేపు పట్టుకోమంటే, ఆమె మూతి ముడుచుకుని, గోడకు వీపు తిప్పి పట్టుకుంది. మర్నాడు తాపీమేస్త్రీ పూడ్చేశాడు. తర్వాత లేత పసుపు రంగు వేశారు.

ఆదివారం వడ్రంగి అయిన ఆమె తండ్రి, కూతురి కోసం చేసిన చెక్క అర కొట్టు నుంచి తెచ్చాడు. స్విచ్చు పైన సూటిగా కాకుండా మూరెడు పక్కకు జరిగి పెన్సిల్‌తో గుర్తు పెట్టి, డ్రిల్లు ఎత్తాడు.

చెప్పులైనా విడవకుండా అవదండీ లోపలికి వచ్చాడు. వస్తూనే మెయిన్ దించేశాడు.

“మేస్త్రీగారూ, డ్రిల్లు కింద పెట్టండి. మీ గుర్తు కింద వైరుంది.”

“అక్కడెందుకుంటుంది బాబూ?”

అతను ఫోను చూపించాడు. ఫొటోలో టేపు ఉంది, ఆమె ముడిచిన మూతి ఉంది. వెనక గోడలో పైపు ఏటవాలుగా, ఆమె వేలు గీసిన దారినే పోయింది.

ఆమెకు ఒళ్లు మండింది. “మూడు వారాలు నా ప్రాణం తోడి, మీరే ఏటవాలుగా వేశారా?”

“వేశానండీ. మీరు పక్కనే నిలబడి తిడుతున్నారు. చెయ్యి అటే పోయింది.”

“ఫొటో మీ దగ్గరే ఉంది కదా. ఇన్నాళ్లూ చూడలేదా?”

“రోజూ చూస్తూనే ఉన్నానండీ.” అతను తల వంచుకున్నాడు. “గోడని ఇవాళే చూశాను.”

తండ్రి ఒకసారి ఫొటోలో కూతురి మొహం చూశాడు, ఒకసారి అతని వంచిన తల చూశాడు. చెవిమీది పెన్సిల్ సర్దుకుని, తన ఉలి అతని చేతిలో పెట్టాడు.

“ముందు గోడ పగలగొట్టు. ఈసారి సూటిగా వెయ్యి. అయ్యాక మీ పెద్దవాళ్లని ఒకసారి రమ్మను.”

“బాగుంది నాన్నా. రంగేసి నాలుగు రోజులు కాలేదు. పైగా నన్నొక మాట అడిగేవాళ్లే లేరు.” ఆమె అతని వైపు తిరిగింది. “ఏమండీ, అడగడం అవుతుందా? అదీ అవదా?”

“అవుతుందండీ.”

అడిగాడు. పసుపు గోడ వైపు చూస్తూ అడిగాడు.

“చూడాల్సిన రోజున గోడని చూడరు” అని విసుక్కుంటూనే ఆమె టేపు చివర అందుకుని, స్విచ్చు నెత్తిన నిలువుగా పట్టుకుంది.