విరిగిన పుల్ల గొడుగు

"పేజీకో బాంబు పేలింది. ఒక్కదానికీ నా గుండె అదరలేదు."

పత్రికలో ఆ రివ్యూ చదివిన దగ్గర్నుంచీ పెద్దాయన ముఖం మాడ్చుకుని కూర్చున్నారు. గూఢచారి నవలల్లో తల పండిన మనిషి. ఇప్పటి ఉగ్రవాదం మీద తొలిసారి రాస్తే, నిన్నగాక మొన్న కలం పట్టిన పిల్ల ఉతికి ఆరేసింది. ఆ పిల్లే ఇప్పుడు నీళ్లు కారుతున్న ఎర్ర గొడుగుతో గుమ్మంలో నిలబడింది.

తలుపు తీసిన కొడుకు ముందు ఆ గొడుగునే గుర్తుపట్టాడు. కిందటి వానాకాలం బస్టాపులో ఈ అమ్మాయే, ముక్కూ మొహం తెలియని తనని ఆ గొడుగు కిందికే రమ్మంది. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ వాన పడితే చాలు, అతని మనసు పని మీద నిలవదు.

ఆ ఇంట్లో నవలలు పుట్టే పద్ధతి ఒకటుంది. తండ్రి పచార్లు చేస్తూ కథ చెబుతారు, కొడుకు టైపు చేస్తాడు. ఓ మధ్యాహ్నం పెద్దాయన పడక్కుర్చీలో కునుకు తీస్తే, కిటికీలోంచి వాన చూస్తున్న కొడుకు వేళ్లు ఆగలేదు, సొంతంగా ఓ పేజీ కొట్టేశాయి. ఆ పేజీ తీసేద్దామనుకుని మరిచిపోయాడు. అది ఈ నవలలో అచ్చయి కూర్చుంది.

ఆమె సంజాయిషీ చెప్పడానికి రాలేదు. రివ్యూలో చోటు చాలక మిగిలిపోయిన మాట ఒకటి ఉందట.

"బాంబు వెతుకుతూ వెళ్లిన హీరో ఓ అమ్మాయి గొడుగు కింద నిలబడతాడు చూడండి, అక్కడొక్కచోటే భయమేసింది నాకు. పోతే ఏం పోతుందో అక్కడే తెలిసింది. ఆ పేజీ మీకెలా తట్టింది సార్? ఆ గొడుగు నాది. విరిగిన పుల్లకి కట్టిన నీలం దారంతో సహా."

కొడుకు ఆ పేజీ తనదని చెబితే ఆ పుస్తకంలో ఉన్న ఒక్క మంచి పేజీ కూడా నాన్నది కాకుండా పోతుంది. చెప్పకపోతే ఈమె మళ్లీ వానలో కలిసిపోతుంది. చివరికి తల వంచుకుని, నాన్నగారు అన్నీ పరిశీలనగా రాస్తారండీ అని గొణిగాడు.

పెద్దాయన కొడుకుని ఎగాదిగా చూశారు.

"నా హీరోలు ఇన్నేళ్లుగా తడవడమే గానీ, ఒక్కడూ గొడుగు కిందికి పోలేదమ్మా. ప్రూఫుల్లోనే చూశాను. బాగుందని నోరు మూసుకున్నాను. ఆ పేజీ వీడిది."

ఆమె అతని వంక నిదానంగా చూసింది. "అప్పుడు గడ్డం ఉండేది కదూ మీకు?"

"ఉండేదండీ. ఆ తర్వాత వాన పడిన ప్రతిరోజూ ఆ బస్టాపుకి వచ్చాను. మీరంటే ఇష్టం. ఎవరికి చెప్పాలో తెలియక టైపు చేశాను."

ఆమె చెంపలు గొడుగు రంగుకొచ్చాయి. అయినా రివ్యూ రాసే బుద్ధి ఎక్కడికి పోతుంది?

"మరి ఆ అమ్మాయిని బస్సెక్కి వెళ్లిపోనిచ్చాడేం మీ హీరో?"

"అప్పుడే నాన్నగారు నిద్ర లేచారండీ."

పెద్దాయన ఒక్క క్షణం ఇద్దర్నీ చూశారు. మెల్లగా పడక్కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నారు.

"నాకు నిద్రొస్తోందిరా. మీరు కానివ్వండి."