మూడో ఖాళీబాట

రాడార్‌తో ఆకాశాన్ని కింద నుంచి పైదాకా పద్నాలుగు వంపుల్లో కోసి చూడటం దమయంతి ఉదయపు పని. మూడో వంపు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

పదహారు కిలోమీటర్ల ఎత్తు మేఘం. రాడార్ తెర మీద దాని పొట్టలో ఎరుపూ పచ్చా ఒరుసుకుంటున్నాయి. పోయే గాలీ వచ్చే గాలీ ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నాయన్నమాట. నైరుతి అంచున కొక్కెం, సుడి పుట్టిందనడానికి గుర్తు. ఇంత పెద్ద సుడి ఇంకా నేలకు దిగకుండా, కాలెక్కడ మోపాలా అని వెతుక్కుంటోంది. ఆరేళ్ళుగా చూస్తున్నా ఆమెకు ఒళ్ళు జలదరించింది.

"ఎంత అందంగుందో సూడు మావా!"

"అందమేటే! సంబంధం కలుపుకుంటావేటి?" మేఘంలో మందు చల్లి సుడి దారి మార్చే చల్లుడు డ్రోన్ల పెద్ద పోలినాయుడు నవ్వాడు. "నడిపరి యంత్రం దారి సెప్పేసింది. మూడో ఖాళీబాట, జనం లేని దారి. ఉప్పుమళ్ళ మీంచి సముద్రంలోకి. నువ్వు ఊఁ అంటే డ్రోన్లు వొదిలేత్తాను."

సముద్రం పొంగినప్పుడే ఉప్పుమళ్ళ జనం వెళ్ళిపోయారని నడిపరి యంత్రం నమ్మకం. కానీ మొన్న సంతలో ఒకామె దమయంతికి అప్పుడే మళ్ళలోంచి తీసిన, తడి ఆరని ఉప్పు అమ్మింది. ఎక్కడిదో తను అడగలేదు.

కొండలూ గోడలూ వానను కప్పేస్తాయని, కదలనివాటిని రాడార్ తన తెర మీంచి చెరిపేస్తుంది. దమయంతి ఆ వడపోత తీసేసింది. ఉప్పుమళ్ళలో పదిహేడు చుక్కలు. రేకుల కప్పులు. కిందటేడు ఒక్కటీ లేదు.

పోలినాయుడి నవ్వు పోయింది. "కబురెట్టగలమా?"

"పది నిమిషాల్లోనా? మిగతా బాటలు అందవు. సుడిని మన రాడార్ గుట్ట మీదకి మళ్ళించు."

"రాడార్ పోతే తీరమంతా గుడ్డిదైపోతాది. రేపొచ్చే మేఘాన్ని ఎవులు సూత్తారు? ఇంటికాడ పాలుతాగే బిడ్డుందే నీకు!"

"ఆ రేకుల కింద బిడ్డలుండరేటి?"

నడిపరి ఎర్రక్షరాలతో వద్దంది. దమయంతి నడిపరిని తప్పించి దారి మార్చే చేతి మళ్ళింపు తాళం తిప్పింది. పోలినాయుడు తిట్టుకుంటూనే డ్రోన్లు వదిలాడు.

కొక్కెం మెల్లగా తల తిప్పింది. అంత కొండలాంటి మేఘం తన మాట విన్నందుకు ఆమెకు భయమేసింది. గోడలు వణికాయి. కిటికీలో పగలు పచ్చగా మారిపోయింది.

"నేలమాళిగలోకి రావే!" పోలినాయుడు చెయ్యి పట్టి లాగాడు.

"ఉండు మావా, ఇంకొక్క తిప్పు."

పైన రాడార్ మూలుగుతూ చివరి చుట్టు తిరిగింది. ఆమె వేలు తెర మీద ఆనించి లెక్కపెట్టింది. పదిహేడూ ఉన్నాయి. తెర ఆరిపోయింది.